పంటచేలలో ఇండ్లు

ధర్మసూక్ష్మములు పుస్తకములలో చదువునప్పుడు తేటతెల్లముగనే యుండును. అవి మన యాస్తిపాస్తులలోనికి వచ్చినప్పుడే చిక్కులు పెట్టును. పంటభూములు పాడగుచున్నవని పాఠశాలలో పదిమంది యెదుట ఉపన్యసించిన నేను, ఒకనాడు చేని గట్టుమీద నిలువబడి, ఆ పాడుచేసినవారిలో నేనును ఒకడనని తెలిసికొంటిని. ఆనాటి సిగ్గునుండి పుట్టినదే ఈ వ్యాసము. కావున దీనిని చదువువారు నన్ను న్యాయాధిపతిగా గాక, బోనులో నిలిచి మాటలాడువానిగా భావింపవలెనని కోరుచున్నాను.

మాది గోదావరి డెల్టా. ఎనిమిదేండ్ల క్రిందట, నేను పనిచేయు పట్టణమునకు ఆరు కిలోమీటర్ల దూరమున, సార్వా దాళ్వా రెండు పంటలును పండెడి చేలలో ఒక వెంచరు వెలసినది. అందు అయిదు సెంట్ల ప్లాటు నొకదానిని, జీతములో మిగిల్చిన సొమ్ముతోను, కొంత ఋణముతోను, నా భార్య గాజుల వెలతోను కొంటిని. నేను కొన్ననాడు అక్కడ చేను లేదు. ఎఱ్ఱని గ్రావెలు పఱచిన మైదానమును, సున్నము పూసిన హద్దురాళ్లును, రంగురంగుల జెండాలును మాత్రమే యుండెను. క్రింద నేమున్నదో కంటికి కనబడలేదు. కనబడనిదానిని గూర్చి నేను విచారింపలేదు.

గడచిన వానకాలమున, ప్లాటులో మొలచిన తుమ్మకంప కొట్టించుటకై పోతిని. ప్రక్కచేనిలో కౌలురైతొకడు మోకాటిలోతు నీటిలో నిలిచి, ఊడ్చి పదిదినములైనను కాని వరిమొక్కలు మునిగిపోవుచుండగా చూచుచుండెను. పలుకరించితిని.

"ఈ నీళ్లు పోయేందుకు పూర్వం ఇక్కడ బోదె ఒకటుండేదండి, మాస్టారూ. ప్లాట్లు దానిమీదే వేశారండి. మూడేళ్లనుంచి సార్వా మునిగిపోతోంది. కౌలు మాత్రం మునగదండి" అని ఆతడు చెప్పెను.

నా ప్లాటు ఏదని యడిగెను. చూపితిని. ఆతడు గట్టుమీదికి వచ్చి, చేయి చాచి, పాతబోదె పోయిన జాడను గాలిలో గీచి, "అయితే మీ వంటగది సరిగా దానిమీదే వస్తుందండి" అనెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఇల్లు కట్టుకొనబోవు పెద్దమనిషికి పునాది సంగతి చెప్పినట్లే చెప్పెను. అదియే నన్ను ఎక్కువగా బాధించినది.

ఇంటికి వచ్చి నన్ను నేను ప్రశ్నించుకొంటిని. సేద్యముతో సంబంధములేనివారు పంటచేలలో ఇండ్లు కట్టుకొనుటకు సమాజము సమ్మతింపవచ్చునా? సమ్మతింపవచ్చునన్నచో, ఎవరికి, ఎంతవరకు? కూడదన్నచో, ఆ నిషేధపు బరువు నెవరు మోయవలెను? ఈ మూడు ప్రశ్నలును వేఱువేఱు. మొదటిదానికి తొందరపడి బదులుచెప్పి తక్కిన రెండింటిని మఱచుటవలననే మన వాదములన్నియు చెడుచున్నవి.

"నా డబ్బు, నా నేల, నా యిష్టము" అనునది మనలో చాలమంది తలంపు. నేనును ప్లాటు కొన్ననాడు ఇట్లే తలంచితిని. ఐతే భూమిపై స్వత్వమెట్లు పుట్టునని విచారించిన పెద్దలెవరును ఇంత సులభముగా తేల్చలేదు. అడవి నఱకి బాగుచేసినవానిదే పొలమని మనుస్మృతి చెప్పుచున్నది. దున్ననివారినుండి భూమిని తీసికొని దున్నువారి కీయవలెనని కౌటిల్యుని యర్థశాస్త్రమున జనపదనివేశ ప్రకరణమున విధింపబడినది. 17వ శతాబ్దమున ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాకు, శ్రమవలన స్వత్వము కలుగునని చెప్పుచునే, ఇతరులకును చాలినంతయు, అంత మంచిదియు మిగిలియున్నప్పుడే అది చెల్లునని హద్దు పెట్టెను. 1848లో జాన్ స్టూవర్టు మిల్లు తన అర్థశాస్త్ర గ్రంథమున, భూమిని ఏ మనుష్యుడును సృజింపలేదు గనుక తక్కిన యాస్తులకున్న పవిత్రత దానికి లేదని వాదించెను. మనుస్మృతిలోని మాటలన్నింటిని నేడు మనము ప్రమాణముగా గొనము, గొనకూడదు కూడ. కాని దేశకాలములు వేఱైన ఈ నలుగురును ఒక్కచోట కలియుచున్నారు. ఎవ్వరును భూమిని పెట్టెలోని నగవలె చూడలేదు. దానిపై హక్కును, దానితో చేయు పనికి ముడిపెట్టిరి.

డెల్టాభూమి విషయమున ఈ మాట మఱింత నిజము. మా నేలను నది తెచ్చినది. 1832-33 నాటి గుంటూరు కరవు మొదలైన యుత్పాతములతో ఈ తీరమంతయు కృశించిన పిమ్మట, 1847లో ఆర్థరు కాటను ధవళేశ్వరమువద్ద ఆనకట్ట నారంభించి 1852లో ముగించెను. కృష్ణకు 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియైనది. ఆ రాళ్లు మోసినవారును, కాలువలు త్రవ్వినవారును మన తాతముత్తాతలలోని కూలివారు. ఆ కాలువలను నేటివరకు బాగుచేయుచున్నది ప్రజల సొమ్ము. కాబట్టి డెల్టాలో ఎకరము కొన్నవాడు మన్నును మాత్రమే కొనుటలేదు. నూటడెబ్బదియేండ్లకు పైబడిన ప్రజాశ్రమ ఆ వెలలో చేరియున్నది. ఆ భాగమును అమ్మినవాడు తన దనుకొనుచున్నాడు. కొన్నవాడును తన దనుకొనుచున్నాడు. దానిని చేసినవారు మాత్రము ఆ రిజిస్ట్రేషను కాగితములో సాక్షులుగనైన లేరు.

ఇంతకంటె దగ్గఱి కారణము మఱియొకటి కలదు. కాలువక్రింది చేను ఒంటరిది కాదు. పెద్దకాలువనుండి పిల్లకాలువకును, పిల్లకాలువనుండి బోదెకును, బోదెనుండి చేనికిని, చేనినుండి దిగువచేనికిని, అక్కడినుండి మురుగుకాలువకును నీరు పోవును. పైచేనివాడు గండి కట్టిన దిగువచేను ఎండును. దిగువచేనివాడు గట్టు లేపిన పైచేను మునుగును. ఈ పరస్పరబంధమును రైతులు తరతరములుగా తగవులాడుచు, రాజీపడుచు కాపాడుకొనుచు వచ్చిరి. ఇందులో ఇల్లు కట్టదలచినవాడు మొదట చేయు పని, మూడడుగుల యెత్తున గ్రావెలు పోసి మెరక చేయుట. ఆ చోట నిలువవలసిన వాననీరు మాయమగునా? ప్రక్కవానికి పోవును. నా యిల్లు పొడిగా నుండుటకు చెల్లింపబడు వెల ప్రక్కచేని తడియే.

అంతటితో ముగియదు. ఇల్లు కట్టినవాడు కాపురము వచ్చును. రాత్రి మోటారు మ్రోత నిద్ర చెఱచుచున్నదనును. మందు పిచికారి చేసిన పిల్లలకు దగ్గు వచ్చుచున్నదనును. కోతయంత్రపు ధూళి, ట్రాక్టరు చక్రముల బురద, గడ్డి తగులబెట్టిన పొగ ఆతనికి పడవు. ఇందు కొన్ని ఫిర్యాదులు న్యాయమైనవే. మందులును పొగయు రైతునకును చేటే. కాని ఆతడు ఫిర్యాదు చేయుటకు కార్యాలయములు తెలిసినవాడు. రైతు ఆ కార్యాలయములకు పోయి నిలుచున్న దినము కూలి పోగొట్టుకొనువాడు. అటుపిమ్మట చుట్టుపట్ల చేల ధర పెరుగును. ధర పెరిగిన చేనికి ఆసామి ఎరువు వేయుట మానును, గట్టు పెట్టుట మానును, కొనువానికై యెదురుచూచును. ప్లాటు కాకమునుపే ఆ చేను సగము చచ్చును.

ఈ చిక్కును తక్కినవా రెట్లు విప్పుకొనిరో చూతము. మన పొరుగున కేరళ మున్నది. 1970వ దశకము నడుమ అక్కడ వరిసాగు సుమారు 8.8 లక్షల హెక్టార్లు. అది తగ్గి తగ్గి 2 లక్షల హెక్టార్ల ప్రాంతమునకు దిగినది. ఇండ్లొక్కటియే కారణము కాదు. కొబ్బరి, రబ్బరు, కూలి వ్యయము, వరి గిట్టకపోవుట అన్నియు కలిసినవి. 2008లో ఆ రాష్ట్రము వరిపొలములను, తడినేలలను రక్షించు చట్టము చేసి, వరిచేనిని పూడ్చుట నిషేధించినది. ఐతే ఆ నిషేధములో మనుష్యుల కొక ద్వార ముంచినది. చేనిగలవాడు తన నివాసమునకే కట్టుకొనదలచి, ఆతనికి గాని కుటుంబమునకు గాని వేఱు తగిన స్థలము లేనిచో, పంచాయతీలో 10 సెంట్లు, పట్టణములలో 5 సెంట్లు మించకుండ అనుమతి పొందవచ్చును. అప్పుడును, ప్రక్కచేల సేద్యమునకు హాని కలుగకూడదు. ఆ చోటు నలుదిక్కుల వరిచేల నడుమ చిక్కినది కాకూడదు. అర్జీని మొదట పరిశీలించునది స్థానిక సంఘము. అందు పంచాయతీ అధ్యక్షునితోను, వ్యవసాయాధికారితోను పాటు ఆ యూరి వరిరైతులు ముగ్గురుందురు. తరువాత 2018లో సవరణ వచ్చి, పట్టికలోనికెక్కని నేలలకు రుసుము చెల్లించి మార్చుకొను దారి తెఱవబడినది. చట్టము పరిపూర్ణమని నేననుటలేదు. అది అడిగిన ప్రశ్నలు మాత్రము సరియైనవి: నీ కవసరమా? వేఱు చోటు లేదా? ప్రక్కవానికి చెఱుపా?

సముద్రముల కావల, అమెరికాలోని ఓరెగను రాష్ట్రమున 1973లో గవర్నరు టామ్ మెక్కాలు కాలమున భూవినియోగ చట్టము వచ్చినది. విలామెట్టు నదీలోయలోని మంచి పంటనేలలు ఇండ్ల వరుసలుగా మారుచుండుట చూచి వారు భయపడిరి. పట్టణములకు ఎల్లలు గీచి, వాని వెలుపలి సారభూములను సేద్యమునకే కేటాయించిరి. సేద్యేతర గృహము నక్కడ బొత్తిగా నిషేధింపలేదు. కాని ఆ చోటు పైరులకు పనికిరాని నేలయై యుండవలెను. ప్రక్కరైతుల సేద్యపద్ధతులను మార్చుకొనునట్లు చేయరాదు. ఆ ప్రాంతపు భూవినియోగము నిలుకడ చెడరాదు. ఇంకొక విచిత్రమైన నియమము కలదు. అట్లు ఇల్లు కట్టుకొనువాడు, ఇరుగుపొరుగు సేద్యపు పనులవలన తనకు బాధ కలిగినదని వ్యాజ్యము వేయనని వ్రాసియిచ్చి, ఆ పత్రమును దస్తావేజులలో నెక్కింపవలెను. అనగా, చేలలోనికి వచ్చువాడు చేలను చేలుగా నంగీకరించి రావలెను. ఈ నియమమును చదివినప్పుడు మా కౌలురైతు నాకు జ్ఞప్తికి వచ్చెను. ఆతనికి నేనట్టి పత్రము వ్రాసియిచ్చియుండలేదు. ఆతడే మౌనముగా నాకు వ్రాసియిచ్చియుండెను.

మన దేశభాగమున 2006లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున, వ్యవసాయభూమిని వ్యవసాయేతర ప్రయోజనములకు మార్చుటను గూర్చిన చట్టము వచ్చినది. రెవెన్యూ డివిజనల్ అధికారి యనుమతి తీసికొని, భూమి విలువలో కొంతశాతము పన్ను చెల్లింపవలెనని దాని సారముగా నుండెను. తరువాత ఆ శాతములును, పద్ధతులును మారుచు వచ్చినవి. ఆ చట్టపు చూపు మీదనే నాకు సంశయము. కేరళ చట్టము అవసరమును అడిగినది. ఓరెగను చట్టము నేల స్వభావమును అడిగినది. మనది ప్రధానముగా వెల నడిగినది. వెల చెల్లింపగలవానికి ప్రశ్నలు లేకపోవుటయు, చెల్లింపలేనివానికి తలుపే లేకపోవుటయు ధర్మమనిపించుకొనదు.

ఇంతవరకు వ్రాసి, నా వాదము గెలిచినదని సంతోషించుచుండగా, మా స్వగ్రామమునకు పోయినప్పుడు ఒక పెద్దరైతు నన్ను నిలువదీసెను. తన మూడెకరములును వెంచరువారికి అమ్మినవాడాయన. నా యాలోచనలు విని నవ్వి యిట్లనెను:

"బాగుందయ్యా మాస్టారూ. ధాన్యం ధర పెంచమంటే బియ్యం ప్రియమైపోతాయంటారు. చేను అమ్ముకుంటానంటే దేశానికి తిండి ఎక్కడిదంటారు. నా పిల్ల చదువుకి, మీ అత్తయ్య వైద్యానికి అప్పు పుట్టింది నేను పండించే బస్తాలు చూసి కాదు. చేని ధర చూసి. నీ జీతం నీ ఇష్టమొచ్చినట్లు ఖర్చుపెట్టుకోవద్దని ఎవరైనా చట్టం చేస్తే ఊరుకుంటావా?"

నేను మాటలాడలేకపోతిని. అందుకు తగిన బదులు ఇప్పటికిని పూర్తిగా దొరకలేదు. దొరికినంతవఱకు చెప్పెదను. ఆయన చెప్పినదానిలో సగము తిరుగులేని సత్యము. పంటభూమి నిలుచుటవలన లాభము అందఱిదియై, దానిని నిలుపుటవలని నష్టము ఒక్క రైతుదే యగుట అన్యాయము. ఓరెగనులో ఈ చిక్కే వచ్చినది. నియమములవలన భూమి విలువ తగ్గినవారికి పరిహారమీయవలెను, లేదా నియమమును సడలింపవలెనని 2004లో అక్కడి ఓటర్లు తీర్మానించిరి. దానివలన వచ్చిన యర్జీలను చూచి, 2007లో వారే మరల ఓటు వేసి ఆ తీర్మానమును కుదించి, కొద్ది గృహములకు మాత్రము వీలుంచి, సారభూములను గట్టిగా కాపాడిరి. ప్రజలు మూడేండ్లలో రెండు విధముల ఓటు వేయుట చాపల్యమని నేననుకొనను. రెండును నిజమైన ధర్మములే. మొదట నొకదాని బరువును, పిమ్మట రెండవదాని బరువును వారు చూచిరి.

కాని ఆ సత్యమునుండి "కావున ఎవరైనను ఎక్కడైనను చేను పూడ్చుకొనవచ్చు" నను నిర్ణయము రాదు. "కావున పూడ్చవద్దన్నవారు వెల పంచుకొనవలెను" అనునదే వచ్చును. కేరళము 2020లో, వరిచేనిని వరిచేనుగా నుంచినవానికి హెక్టారునకు 2,000 రూపాయలు ఏటేట నిచ్చు పద్ధతి మొదలుపెట్టినది. ఆ మొత్తము ప్లాటు ధర యెదుట ఆవగింజయంతయే. తల్లి పాలకు వెలకట్టి పైస చేతిలో పెట్టినట్లున్నదని ఆ పెద్దరైతు నవ్వవచ్చును. ఐనను ఋణమున్నదని ఒప్పుకొనుట అందు కలదు. మన ప్రాంతమున భూమి మార్పిడికై వసూలగు సొమ్మును ఆ మండలపు మురుగుకాలువల పూడికతీతకే వినియోగించినను, బియ్యపు ధరలో పండించినవాని శ్రమకు తగిన భాగము చెల్లించుటకు మనము సిద్ధపడినను, అప్పుడు రైతుతో "అమ్మవద్దు" అని చెప్పు నోరు మనకు వచ్చును. జీతగాండ్రమైన మనము బియ్యము చౌకగాను, ప్లాటు లాభసాటిగాను ఉండవలెనని ఒక్కనోటితో కోరుచున్నంతకాలము ఆ నోరు మనకు లేదు.

ఇంకొక యాక్షేపణ కలదు. సంస్కారాభిమానులగు చదువరులు దీనిని ప్రత్యేకముగా తలపోయవలెను. సేద్యముచేయు కూలివారికి భూమి లేదు. పత్రములను చూచినచో వారి యిండ్లును "సేద్యేతర గృహములే". తరతరములుగా వారి వాడలను ఊరికి వెలుపల, పల్లపునేలలో, శ్మశానము ప్రక్కను నెట్టిన గ్రామములే, నేడు పంటభూమి పవిత్రతను గూర్చి ఉపన్యాసములిచ్చి వారికి ఇంటిస్థలము నిరాకరించినచో, అది పాత పాపమునకు క్రొత్త మంత్రము చదువుటయే యగును. కేరళమున భూసంస్కరణలవలన, ఇతరుల నేలలో గుడిసెలు వేసికొనియున్న పేదలకు పంచాయతీలలో 10 సెంట్లవఱకు సొంతము చేసికొను హక్కు వచ్చినది. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరు 25న ఆరంభించి, సుమారు 30 లక్షల మందికి ఇంటిస్థలములు పంచు కార్యక్రమము జరిగినది; పల్లెలలో ఒకటిన్నర సెంటు. ఒకటిన్నర సెంటన డెబ్బదిమూడు గజములు. నా ప్లాటు దానికి మూడింతలకు పైన. పంటభూమి తఱుగుచున్నదని మొఱపెట్టువారు మొదట ఎవరి కొలతను చూడవలెను?

పేదవానికి ఇచ్చినంత మాత్రమున నీటి స్వభావము మాఱదనుటయు నిజమే. పల్లపుచేలలో స్థలమిచ్చినచో మునుగునది ఆతని గుడిసెయే. కావున ఆతనికి స్థలమీయవద్దని కాదు. మంచి మెరకచోటు ఈయవలెనని. ఆ మెరకచోట్లు ఊరిలో ఎవరి చేతిలో నున్నవో అందఱికిని తెలియును.

ఈ విచారమంతయు నన్ను ఒక విభాగమునకు తెచ్చినది. ఇల్లు రెండు విధములు. తలదాచుకొనుటకు కట్టునది యొకటి; డబ్బు దాచుకొనుటకు కట్టునది యొకటి. పంటభూమిలో మొదటిదానికి చోటు వెదకుట సమాజమునకు విధి. రెండవదానికి చోటీయవలసిన విధి ఎవ్వరికిని లేదు. ఆ మొదటిదానిని గూర్చియు మూడు ప్రశ్నలడుగవలెను. ఒకటి, ప్రక్కచేనికి నీరు వచ్చు దారియు, పోవు దారియు చెడకుండునా? రెండు, అడుగువానికి వేఱు నీడ కలదా? మూడు, ఇంతకంటె తక్కువసారము గల నేల గాని, ఊరిలో ఖాళీచోటు గాని దొరకదా? ఈ ప్రశ్నలకు సమాధానము విను సభలో, దూరపు కార్యాలయపు అధికారి యొక్కడే యుండరాదు, ప్రక్కచేని వాడుండవలెను. భూమి ఆతని పేర లేకపోయినను, దున్నుచున్న కౌలుదారుడుండవలెను. ఆతనికి పట్టా లేదు గనుక నోటీసు రాదు. మునుగుట మాత్రము ఆతనికే వచ్చును. ఊరిసభ పెత్తందార్ల చేతిలో పడి, వాడవారి యర్జీలను త్రోసివేయుటకు సాధనము కాగల ప్రమాదము నున్నది; అందుచేత పై యధికారికి అప్పీలుండవలెను. అధికారి మాత్రమే ఉన్న లోపమునకు ఊరును, ఊరు మాత్రమే ఉన్న లోపమునకు అధికారియు కావలెను.

మూడవ ప్రశ్నను గూర్చి ఒక్కమాట. మా యూరి గ్రామకంఠములో తాళములు వేసిన పెంకుటిండ్లను ఒకనాటి సాయంకాలము లెక్కించితిని; ఇరువదిమూడు తేలినవి. వాని యజమానులు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను ఉన్నారు. కొన్నింటి దూలములు క్రుంగినవి. కొన్నింటి పెరటిలో ఇప్పటికిని నూతినీరు తియ్యగా నున్నది. ఊరినడుమ ఇండ్లు పాడుపెట్టి, ఊరివెలుపల చేలు పూడ్చి క్రొత్త యిండ్లు కట్టుచున్నాము. ఆ పాత యిండ్లలో ఒకదానిని అద్దెకు గాని వెలకు గాని ఇమ్మని వ్రాసిన, చాలమంది బదులీయరు. కొందఱు, "అమ్మము, నాన్నగారి జ్ఞాపకము" అందురు. జ్ఞాపకమును తప్పు పట్టను. ఐతే ఆ జ్ఞాపకమునకు కూడ ప్రక్కయూరి చేను వెల చెల్లించుచున్నదని వారెఱుగుట మంచిది.

ఇక నా సంగతి. నాకు పట్టణమున అద్దెయిల్లున్నది. స్వగ్రామమున తండ్రిగారి యింటిలో భాగమున్నది. కాబట్టి నా మూడు ప్రశ్నలలో నేనే రెండింట ఓడితిని. ఇల్లు కట్టనని నిశ్చయించుకొని నా భార్యతో చెప్పితిని. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు.

"మీ ధర్మంలో నా గాజులు కూడా ఉన్నాయండీ. నన్నడక్కుండా దానం చేస్తారా?" అనెను.

ఆ మాట న్యాయము. గృహస్థుని త్యాగములలో సగము, భార్యను అడుగకుండ చేసినవే. వానికి పేరు మాత్రము ఆతనికే వచ్చును. క్షమింపుమని వేడి, ఇద్దఱమును కూర్చుండి ఆలోచించితిమి. అమ్మివేయుదమా యనుకొంటిమి. నాలుగింతలు ధర పలుకుచున్నది. "కొన్నవాడు రేపే కడతాడు. మనం మానుకున్న పని డబ్బు తీసుకుని ఇంకొకరిచేత చేయించినట్లవుతుంది కదా?" అని ఆమెయే సంశయించెను. గ్రావెలు తీసి తిరిగి చేను చేయుదమన్నను, నలుదిక్కుల ప్లాట్ల నడుమ అయిదు సెంట్లు చేనుగా బ్రదుకదు. చేసిన కొన్ని పనులను వెనుకకు తీసికొనుట మనుష్యులకు సాధ్యము కాదు.

తుదకు మాకు తోచిన దిది. గ్రామపటమున పాతబోదె జాడ స్పష్టముగా నున్నది. అది తొమ్మిది ప్లాట్లమీదుగా పోయి మురుగుకాలువలో కలియును. ఆ తొమ్మిదిమందిని వెదకి, తమతమ ప్లాట్లలో నాలుగడుగుల వెడల్పున చోటు వదలుడని, బోదెను తిరిగి త్రవ్వింతమని అడుగ నారంభించితిని. మా ప్లాటులో బోదె ఏటవాలుగా నడిమినుండి పోవును గనుక, అందు ఇక ఎవరును ఇల్లు కట్టజాలరు. దాని వెలయు ఇక నాలుగింతలు పలుకదు. నా భార్య ఇందుకు సమ్మతించినది. గాజులకు బదులు నేనేమియు నీయలేదు. ఇచ్చెదనని చెప్పుటకును ధైర్యము లేదు.

తొమ్మిదిమందిలో నేటికి నలుగురు ఒప్పుకొనిరి, నాతో కూడ. ఇద్దఱు విదేశములలో నున్నారు. జాబునకు బదులు లేదు. ఒకరు ధర్మము బాగున్నది గాని పిల్లల పెండ్లి ఉన్నదనిరి. తక్కిన యిద్దఱు, ముందందఱును ఒప్పుకొనినచో చూతమనిరి. మొన్న వేసవిలో మా నలుగురి చోట్ల బోదె త్రవ్వించితిమి. వరుసగా నున్నది గనుక నాలుగు ప్లాట్లవఱకు నీరు వచ్చును. అయిదవదానివద్ద గ్రావెలుకట్టకు తగిలి నిలుచును. ఈ వానలకు కూడ ఆ కౌలురైతు చేను కొంత మునుగును. మునుపటికంటె ఒక జానెడు తక్కువ మునుగునని ఆతడు చెప్పుచున్నాడు. నా మనస్సు నొవ్వకుండుటకై చెప్పుచున్నాడేమో యెఱుగను.

ఈ పుటలు చదువు గృహస్థులలోను, గృహిణులలోను ఇట్టి ప్లాటుగలవారు పెక్కుమంది యుందురు. వారిని నేను నిందింపజాలను. నేను వారిలోని వాడనే. ఒక్క మనవి మాత్రము చేయుచున్నాను. హద్దురాళ్లు చూచుకొనుటకు మనము వేసవిలో పోవుదుము. అప్పుడు ఎల్ల నేలలును ఒక్కతీరుగనే యుండును. ఈసారి వానకాలమున పోయి, ప్రక్కచేనిలో నున్నవానిని పలుకరించి, నీరెటు పోవలెనో అడుగుడు.